పొద్దున్న రెండు గంటల క్లాసు

ఇథియోపియాలో లెక్కల పాఠం చెప్పడానికి నేను బయల్దేరింది 2007 సెప్టెంబరు మొదట్లో. తెల్లవారుజామున అడిస్ అబాబాలో విమానం దిగి బయటికొస్తే, టికెట్ల గది గోడ మీద కేలెండరు 1999వ సంవత్సరం చూపిస్తోంది. మన లెక్కకు ఏడెనిమిదేళ్లు వెనగ్గా నడిచే కేలెండరు వాళ్లది. ఏడాదికి పదమూడు నెలలు. ముప్ఫయ్యేసి రోజుల నెలలు పన్నెండు గడిచాక చివర్లో అయిదు రోజులో, ఆరు రోజులో మిగులుతాయి కదా, వాటిని ఒక బుల్లి నెలగా కట్టి పగుమే అంటారు. నేను దిగింది ఆ పగుమేలోనే. వారం తిరక్కుండా, సెప్టెంబరు 12న, ఆ దేశానికి 2000వ సంవత్సరం వచ్చింది. వానలు వెనకపట్టాయి. గట్ల మీద ఎక్కడ చూసినా పసుపుపచ్చని పూలు. ఆడపిల్లలు ఆ పూలు పట్టుకుని గుంపులుగా ఇంటింటికీ వెళ్లి పాటలు పాడుతున్నారు. మన పల్లెల్లో గొబ్బెమ్మల చుట్టూ తిరిగే పిల్లలు గుర్తొచ్చి నాకు గొంతు పూడుకుపోయింది. మావారూ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయీ విజయవాడలోనే ఉండిపోయారు. నా ఒప్పందం రెండేళ్లకు.

ఆ ఏళ్లలో ఇథియోపియాలో కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా తెరుస్తున్నారు. చెప్పే వాళ్లు చాలక బయటి దేశాల నుంచి పిలుస్తున్నారు. మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి ఎందరో లెక్చరర్లు వెళ్లారు. నాకు దొరికిన ఊరు బహిర్ దార్. అడిస్ నుంచి ఐదొందల కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తానా సరస్సు ఒడ్డున, నీలి నైలు నది ఆ సరస్సులోంచి బయటపడే చోట ఉన్న ఊరు. రోడ్లకు ఇరుపక్కలా ఈతచెట్లలాంటి చెట్లు, సైకిళ్లు, మన దేశం నుంచి వెళ్లిన ఆటోలు. ఆటోని అక్కడ బజాజ్ అనే అంటారు. రెల్లులాంటి తుంగ కట్టలు కట్టి చేసిన తాన్క్వాలనే పడవల మీద మనుషులు సరస్సు దాటుతుంటే కొల్లేరు గుర్తొచ్చేది.

ఊరు అందంగానే ఉంది. కానీ నేను వెళ్లింది ఊరు చూడ్డానికి కాదుగా. పాఠం చెప్పాలి. ఆ పాఠం దగ్గరే మొదటి రోజు దెబ్బ తిన్నాను.

టైంటేబుల్ చేతికిచ్చారు. సోమవారం రెండు నుంచి నాలుగు దాకా, మొదటి సంవత్సరం, కాల్క్యులస్. మధ్యాహ్నం భోజనం చేసి, కొత్త చీర కట్టుకుని, పావుగంట ముందే వెళ్లి గదిలో నిలబడ్డాను. ఎవరూ లేరు. బల్లలన్నీ ఖాళీ. నల్లబల్ల మీద మాత్రం పై మూలన కోర్సు పేరు, దాని కింద నా పేరు, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా అడుగున గీత. ఎవరో ఎంతో శ్రద్ధగా రాసి పెట్టారు. అరగంట చూసి డిపార్ట్‌మెంటుకి వెళ్లి అడిగాను. అక్కడి గడియారం లెక్క అప్పుడు తెలిసింది.

ఇథియోపియాలో రోజు మొదలయ్యేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయం. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. మన ఎనిమిది వాళ్లకు రెండు. భూమధ్యరేఖకు దగ్గర దేశం గనక ఏడాది పొడుగునా పొద్దు ఇంచుమించు ఒకే వేళకు పొడుస్తుంది. అలాంటి చోట సూర్యుణ్ని బట్టి లెక్క పెట్టడమే సబబు. మనకు మాత్రం ఇది కొత్తా? మా తాతయ్య పంచాంగం చూసి చెప్పే ఘడియలన్నీ సూర్యోదయం నుంచి లెక్కే. ఆ లెక్క మనం పెళ్లి ముహూర్తాలకు ఉంచుకున్నాం, వాళ్లు బస్సుకీ బడికీ కూడా ఉంచుకున్నారు.

అంటే పొద్దున్న ఎనిమిదికి వచ్చిన అరవైమంది పిల్లలు పది దాకా ఆ గదిలో కూర్చుని వెళ్లిపోయారన్నమాట. మర్నాడు క్లాసుకు వెళ్లి ముందుగా క్షమించమని అడిగాను. పిల్లలు తెల్లబోయి చూశారు. ఒక కుర్రాడు మెల్లగా లేచి, "టీచర్, ప్రయాణంలో అలిసిపోయి ఉంటారనుకున్నాం" అన్నాడు. అక్కడ మేడం, సార్ లేవు. నేరుగా "టీచర్" అంటారు. కూర్చున్నాడు. ఆ తర్వాత నెలన్నర పాటు ఆ క్లాసులో నాతో ఎవరూ నోరు విప్పి మాట్లాడలేదు.

ఈ రోజు నేను మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ నిశ్శబ్దం గురించి.

ఒక్కో గది ఒక్కో రకంగా నిశ్శబ్దంగా ఉంటుంది. భయంతో ఉన్న గది ఒకటి, విసుగుతో ఉన్న గది ఒకటి, పాఠంలో మునిగిపోయిన గది ఒకటి. ఇరవయ్యేళ్లు విజయవాడలో చెప్పినదాన్ని, గుమ్మంలో అడుగు పెట్టగానే ఏ రకమో పసిగట్టేదాన్ని. బహిర్ దార్‌లో ఆ తెలివి పనికి రాలేదు. "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. "సందేహాలున్నాయా?" అంటే కిందికి చూస్తారు. ఒకసారి నా గదికి వచ్చిన అమ్మాయిని ఏదో అడిగితే, ఠక్కున ఊపిరి లోపలికి పీల్చింది. ఏదో పాము కనపడ్డట్టు. నేను కంగారుపడి కుర్చీలోంచి లేచాను. ఆ అమ్మాయి ఇంకా కంగారుపడింది. పక్క బల్ల దగ్గరున్న సహోద్యోగి చెప్పాడు: అలా ఊపిరి లోపలికి లాగడమంటే "ఔను" అని. నోటితో చెప్పే ఔను కంటే మర్యాదైన ఔను కూడా. నేను దాన్ని ఉలికిపాటు అనుకున్నాను. ఇంకెన్నింటిని ఇలా తప్పుగా చదువుతున్నానో అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిడ్ పరీక్ష పెట్టాను. పేపర్లు దిద్దుతుంటే ఒక విచిత్రం కనపడింది. ప్రమేయం ఇచ్చి అవకలనం చెయ్యమంటే చక్కగా చేశారు. చేతిరాత ముత్యాల్లా ఉంది. అయిదో లెక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం కాగితాలన్నీ తెల్లగా ఉన్నాయి. అది అమెరికా పుస్తకాల్లో ఉండే పాత లెక్క. అయిదు మీటర్ల నిచ్చెన గోడకు ఆనించి ఉంది, దాని కింది కొస జారుతోంది, పై కొస ఎంత వేగంగా దిగుతుంది? లెక్క కష్టమేమీ కాదు. మర్నాడు ఆ పేపర్లు పట్టుకెళ్లి, ఏమీ మాట్లాడకుండా నల్లబల్ల మీద గోడ గీశాను, నిచ్చెన గీశాను, కింద బాణం గుర్తు పెట్టాను. గదంతా ఒక్కసారి "ఆ!" అంది. పది నిమిషాల్లో సగం మందికి పైగా చేసేశారు. వాళ్లకు రానిది లెక్క కాదు. నిచ్చెనకు ఇంగ్లిషు మాట, ఆనించడానికి ఇంగ్లిషు మాట.

అప్పుడు తెలుసుకున్నాను. ఆ గదిలో కూర్చున్న పిల్లలు ఒక ఊరి వాళ్లు కారు. దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష పెట్టి, ఎవరు ఏ విశ్వవిద్యాలయంలో చదవాలో ప్రభుత్వమే కేటాయించేది. అందుకని ఒక బల్ల మీద అమ్హారిక్ మాట్లాడే అమ్మాయి, పక్కన ఒరోమో కుర్రాడు, వెనక తిగ్రిన్యా వాళ్లు, సోమాలీ వాళ్లు. చిన్న తరగతులు తమ తమ భాషల్లో చదువుకుని, పై తరగతుల్లో ఇంగ్లిషులోకి మారిన వాళ్లు. నేను చెప్పే ఇంగ్లిషు అందరికీ సమానంగా పరాయిది. పైగా అది మన ఇంగ్లిషు. వేగంగా, మాటకు మాట అతుక్కుపోయి వస్తుంది. మనం గుణకారాన్ని "ఇంటూ" అంటాం. అక్కడ "టైమ్స్" అంటేనే తెలుస్తుంది, ఇంటూ అంటే కొందరికి భాగహారం గుర్తొస్తుంది. ఎక్స్ బై వై అంటే వినరు, ఎక్స్ ఓవర్ వై అనాలి. లక్ష అన్న మాట లేదు, వంద వేలు అనాలి. ఇలాంటివి చిన్నచిన్నవే. కానీ నలభై నిమిషాల్లో పాతిక వస్తే పాఠం చేజారిపోతుంది.

చేజారిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. కృష్ణ ఒడ్డున మా పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో, ఇంటర్ దాకా కూడా నేను తెలుగు మీడియమే. సదిశలు, అవధులు, సమాకలనం, అన్నీ తెలుగులో నేర్చుకున్నాను. బియస్సీలో ఒక్కసారిగా అంతా ఇంగ్లిషు. మాస్టారు "వితవుట్ లాస్ ఆఫ్ జెనరాలిటీ" అంటుంటే, అదేమిటో తెలియక చెవికి వినపడ్డట్టే తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. దాని అర్థం తెలియడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా "అర్థమైందా?" అన్న ప్రతిసారీ తలూపాను. క్లాసులో అందరికంటే లెక్కలు బాగా వచ్చిన పిల్లనే నేను. కానీ నోరు తెరిస్తే భాష రాదని బయటపడిపోతుంది. లెక్క వచ్చిన సంగతి ఎవరికీ కనపడదు. ఆ తలూపడం, ఆ కిందిచూపు నావే. వేల మైళ్ల అవతల, ఎత్తైన కొండల నడుమ ఒక గదిలో అరవై ముఖాల మీద కనపడితే గుర్తు పట్టలేకపోయాను. గుర్తు పట్టిన రోజు నుంచే నాకు అక్కడ ఉద్యోగం మొదలైందని అనుకుంటాను.

మర్నాడు లిమిట్స్ పాఠం మళ్లీ ఎత్తుకున్నాను. నల్లబల్ల మధ్యలో పెద్దక్షరాలతో తెలుగులో "అవధి" అని రాశాను. అది మా భాషలో లిమిట్ అని చెప్పాను. పొలానికి హద్దు ఎలాగో అలాంటిదని చెప్పాను. మీ భాషలో హద్దును ఏమంటారు? అని అడిగాను. ఎవరూ పలకలేదు. కిటికీ పక్కన కుర్రాడు, చాలా మెల్లగా, "దాంగా" అన్నాడు. ఒరోమో మాట. చాక్‌పీసు అతని చేతికిచ్చాను. వచ్చి రాశాడు. ఈలోగా ముందు బల్ల అమ్మాయి "వెసెన్" అంది. అది అమ్హారిక్. అలా బల్ల మీదికి ఒక్కో మాటా వచ్చి చేరింది. రాసిన వాళ్లు చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ, ఒకరి మాట ఒకరు పలికి చూసుకుంటూ కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టాను. కొత్త సంగతి చెప్పాక అయిదు నిమిషాలు మీలో మీరు మీ భాషల్లో మాట్లాడుకోండి, ఆ తర్వాత నాతో ఇంగ్లిషులో చెప్పండి. ఆ అయిదు నిమిషాలు గదిలో పెద్ద గోల. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ లెక్క నలుగుతోందని చేతుల కదలిక చూస్తే తెలిసేది. ఒక కుర్రాడు గాలిలో వంపు గీస్తాడు, ఇంకొకడు కాదని దాన్ని ఇంకో పక్కకు వంచుతాడు.

క్లాసు ఇలా దారిలో పడుతుంటే, బయట నన్ను దారిలో పెట్టింది మా ఇంటి యజమానురాలు. అరవై దాటిన మనిషి. పెద్ద వయసు ఆడవాళ్లను ఎమామా అని పిలవాలని ఎవరో చెబితే అలాగే పిలిచేదాన్ని. నేను మాంసం ముట్టను. అక్కడ ఎలా బతుకుతానోనని మా అమ్మ దిగులు పెట్టుకుంది. కానీ ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధవారం, శుక్రవారం మాంసం, పాలు ఏమీ ముట్టరు. ఈస్టరుకు ముందు 55 రోజుల ఉపవాసం. అందుకని ఏ హోటల్లో అయినా పప్పూ కూరలూ దొరుకుతాయి, వాటికి వేరే పేరే ఉంది. టెఫ్ అనే గింజల పిండిని పులియబెట్టి పోసిన ఇంజెరా, మన పులిసిన అట్టుకు పెద్దక్క. ఇంట్లో వండుకోవాలంటే ప్రెషర్ కుక్కరు ఉండాల్సిందే. బహిర్ దార్ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు ఇంచుమించు 94 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకదు.

ఎమామా ఆదివారాలు కాఫీకి పిలిచేది. కాఫీ పుట్టిన దేశం అది. వాళ్ల భాషలో బున్నా. నేల మీద పచ్చగడ్డి పరిచి, పచ్చి గింజలు పెనం మీద అందరి ఎదుటా వేయించి, ఆ పొగను ఒక్కొక్కరి ముఖం దగ్గరికి తెచ్చి వాసన చూపించి, దంచి, మెడ సన్నంగా ఉండే మట్టికూజాలో కాస్తారు. మొదటి ఆదివారం ఒక గుక్కెడు కప్పు తాగి, దిద్దాల్సిన పేపర్లున్నాయని లేచాను. ఆవిడ ముఖం వాడిపోయింది. తర్వాత తెలిసింది: కాఫీ మూడు దఫాలు పోస్తారు. మూడోదాని పేరు బరకా, అంటే దీవెన. దీవెన తీసుకోకుండా లేచిపోయానన్నమాట. ఆ తర్వాత ఎన్ని పేపర్లున్నా మూడో కప్పు దాకా కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, నాకు అమ్హారిక్ వచ్చింది ఆ రెండో కప్పుకూ మూడో కప్పుకూ మధ్యనే. ఓసారి నాకు జ్వరం తగిలి, ఇంటికి ఫోను చేసి ఏడ్చి వచ్చాక, ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి "ఐజోష్" అంది. ఆడవాళ్లతో అనే మాట అది. ధైర్యంగా ఉండు తల్లీ, ఏం ఫరవాలేదు అని. ఇంజెరాలో కూర చుట్టి తన చేత్తో నా నోట్లో ముద్ద పెట్టింది. ఆ ముద్దకు వాళ్ల భాషలో గుర్షా అని పేరు.

ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు నింపిన ఫారంలో మూడు గళ్లున్నాయి: నీ పేరు, తండ్రి పేరు, తాత పేరు. ఇంటిపేరన్నది వాళ్లకు లేదు. పెళ్లయినా ఆడవాళ్లు పేరు మార్చుకోరు. మన దగ్గర ఎన్ని ఫారాల్లో భర్త పేరు రాశానో లెక్కలేదు. నలభై ఆరో ఏట, పరాయి దేశపు ఆఫీసులో, మా తాతయ్య పేరు రాస్తుంటే చెయ్యి వణికింది. పంచాంగం చూసి ఘడియలు చెప్పే ఆ తాతయ్యే.

ఆ దేశంలో మన వాళ్లు పాఠాలు చెప్పడం కొత్త కాదు. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ భారతదేశపు ఉపాధ్యాయులు అక్కడి పల్లెపల్లెకూ వెళ్లారు. ఒకరోజు మందుల షాపులో, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన నా చీర చూసి ఆగి, మీ దేశపు మాస్టారే నాకు లెక్కలు నేర్పారు అన్నాడు. ఆ మాస్టారి పేరు సరిగ్గా పలకలేకపోయాడు. కానీ పన్నెండో ఎక్కం ఇంగ్లిషులో, ఆ మాస్టారి స్వరంతో, చివరి దాకా అప్పజెప్పాడు. షాపు అబ్బాయి చిల్లర చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా నేనూ కదల్లేదు.

వెళ్లాలనుకునే వాళ్లకు రెండు మాటలు. సర్టిఫికెట్ల మీద మన విదేశాంగ శాఖ ముద్ర, ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర ఇక్కడే వేయించుకోండి, అక్కడికెళ్లాక తిప్పలు పడతారు. పచ్చజ్వరం టీకా వేయించుకుని ఆ పసుపు కార్డు దగ్గర పెట్టుకోండి, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడుగుతారు. ఒప్పందంలో ఇల్లు, సెలవులు, తిరుగు ప్రయాణం టికెట్టు ఏ మాటల్లో రాశారో సంతకానికి ముందే చదవండి. ఇవి కాక ఒకటి. పాఠాల సామాను కట్టుకునేటప్పుడు, మీరు మొదటిసారి ఇంగ్లిషు క్లాసులో కూర్చున్న నాటి నోటుపుస్తకం ఇంట్లో ఉంటే, అది వెంట తీసుకెళ్లండి.

రెండో ఏడాది మొదలయ్యేనాటికి నాకు వాళ్ల లిపి పట్టుబడింది. ఫిదెల్ అంటారు. దాన్ని ఎమామా మనవడి దగ్గర నేర్చుకున్నాను, వాడి గోడ మీద పెద్ద పటం ఉండేది. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మన గుణింతమే! ఒక్కో హల్లుకు ఏడేసి రూపాలు. లె, లు, లి, లా, లే, ల్, లో. మనం గుడి పెడతాం, కొమ్ము పెడతాం. వాళ్లు అక్షరం కాలికి ఒక గీతో, ఒక సున్నానో తగిలిస్తారు. ఆరేళ్ల వాడు, నేనూ పక్కపక్కన కూర్చుని వల్లె వేశాం.

ఆ ఏడు మొదటి సోమవారం, టైంటేబుల్ ప్రకారం రెండు గంటలకు, అంటే పొద్దున్న ఎనిమిదికి, కొత్త పిల్లల గదికి వెళ్లాను. కొత్త ముఖాలు, అదే నిశ్శబ్దం. పలకరించి, వెనక్కి తిరిగి, నల్లబల్ల మీద నా పేరు ఫిదెల్‌లో రాశాను. గదిలో ఒక కదలిక. తిరిగి చూశాను. ఆఖరి బల్ల మీద, తెల్లని నెతెలా శాలువా కప్పుకున్న ఒక అమ్మాయి సగం చెయ్యెత్తి, మళ్లీ దించి, మళ్లీ ఎత్తింది.

"టీచర్," అంది, "మీ పేరులో రెండో అక్షరం... అది లే అయింది. లి కావాలి. సున్నా కాదు, గీత."

చాక్‌పీసు ఆ అమ్మాయి వైపు చాపాను. బల్లల మధ్య నుంచి నడిచొచ్చి, సున్నా తన వేలితో తుడిచేసి, గీత పెట్టింది.